పాత కారుకు కొత్త రంగు వేసే ముందు



ఇటలీ పందెపు కార్లు అనగానే మన కళ్ల ముందు ఎర్రని ఫెరారీ మెదులుతుంది. కోట్ల రూపాయల ధర, గాజు గోడల వెనక ప్రదర్శన, మనకు అందని వ్యవహారం అనిపిస్తుంది. బొగ్గు గనుల మధ్య, థర్మల్ స్టేషను పొగగొట్టాల నీడలో ఉండే చంద్రపూర్ వాసులకు వాటితో ఏమి సంబంధం అని మీరు అడగవచ్చు. సంబంధం ఉంది. మీ వీధి చివర షెడ్డులోనో, గనుల కాలనీలో ఏ వేపచెట్టు కిందనో, టార్పాలిన్ కప్పుకుని దుమ్ము పట్టిన పాత ఫియట్ ఒకటి ఉంటే, ఆ సంబంధం అక్కడే ఉంది. ఆ కారును ఏం చేయాలి అన్నదే ఈనాటి మన ప్రసంగ విషయం.

ముందుగా ఆ ఫియట్ పుట్టుపూర్వోత్తరాలు కొంచెం తెలుసుకుందాం. మనం పద్మిని అని పిలుచుకున్న కారు ఇంజను సామర్థ్యం 1089 సీసీలు. నాలుగు సిలిండర్లు. ఒక్కో సిలిండరు వ్యాసం 68 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం 75 మిల్లీమీటర్లు. సరిగ్గా ఇవే కొలతలతో ఫియట్ కంపెనీ 1937లో 508 సి అనే కారుకు ఇంజను తయారుచేసింది. ఆ కారును రూపొందించిన ఇంజనీరు డాంటే జకోజా. సామాన్య కుటుంబాలకు ఉద్దేశించిన బండి అది. కానీ ఆ ఇంజను గట్టిది, తేలికైనది, ఎంత పని చెప్పినా చేసేది. అందుకే పందేల వాళ్ల కన్ను దాని మీద పడింది.

ఎంజో ఫెరారీ పేరు మీరు వినే ఉంటారు. ఆయన ఆల్ఫా రోమియో కంపెనీ నుంచి విడిపోయేటప్పుడు, కొన్నేళ్ల పాటు తన పేరుతో పందెపు కార్లు నడపకూడదని ఒప్పందం ఉంది. అందుకని వేరే పేరు పెట్టుకుని 1940లో రెండు కార్లు తయారుచేశారు. ఆ కారు పేరు 815. ఎనిమిది సిలిండర్లు, ఒకటిన్నర లీటరు అని ఆ అంకెలకు అర్థం. దాని ఇంజనుకు ఫియట్ 508 సి భాగాలనే ఆధారం చేసుకున్నారు. ఆ రెండు కార్లూ ఆ ఏడాది బ్రేషియా పందెంలో పాల్గొన్నాయి, రెండూ చివరిదాకా వెళ్లలేకపోయాయి. తరవాత వాటికి పట్టిన గతి మన విషయానికి ముఖ్యం. ఒకటి పాత ఇనుము కింద పోయింది. రెండోది మాత్రమే మిగిలింది. ఫెరారీ స్వయంగా నిర్మించిన మొదటి కారు ఇదేనని ఇవాళ ప్రపంచం దాన్ని అపురూపంగా చూస్తోంది. తుక్కులో వేసిననాడు ఆ మొదటి దాని విలువ ఎవరికీ తోచలేదు.

యుద్ధం ముగిశాక, 1946లో, చిసిటాలియా అనే చిన్న సంస్థ డి 46 అనే పందెపు కారును తెచ్చింది. దాన్ని రూపొందించిందీ జకోజాయే. ఇంజను మళ్లీ ఫియట్ 1100. మరుసటి ఏడు, 1947లో, మిల్లే మిలియా పందెం జరిగింది. బ్రేషియా నుంచి రోము వెళ్లి తిరిగి బ్రేషియా చేరే వెయ్యి మైళ్ల పందెం అది. అప్పటికి 54 ఏళ్ల వయసున్న తాజియో నువొలారీ చిన్న చిసిటాలియా కారు ఎక్కి, అంతకు రెండింతలకు పైబడిన ఇంజను గల ఆల్ఫా రోమియోను ముప్పుతిప్పలు పెట్టి, రెండో స్థానంలో నిలిచాడు. 1958లో ఫార్ములా జూనియర్ అనే పోటీలు మొదలైనప్పుడు, మామూలు కార్ల ఇంజన్లే వాడాలని నియమం పెట్టారు. అప్పుడూ స్టాంగ్వెల్లీనీ అనే మోడెనా సంస్థ ఎంచుకున్నది ఈ 1100 ఇంజనునే.

ఆ వంశంలోని కారే బొంబాయి చేరింది. వాల్‌చంద్ హీరాచంద్ 1944లో స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ కంపెనీ కుర్లా ఫ్యాక్టరీలో ఫియట్ కార్లు తయారయ్యాయి. 1964లో 1100 డిలైట్ వచ్చింది. కొంతకాలం ప్రీమియర్ ప్రెసిడెంట్ అన్నారు, 1974 నుంచి ప్రీమియర్ పద్మిని అన్నారు. డాక్టరు గారికీ ఇదే, కాంట్రాక్టరుకూ ఇదే, బొంబాయి టాక్సీకీ ఇదే. మద్రాసు నుంచి నెల్లూరు వచ్చే దారిలో ఉన్న షోలవరం పాత విమానాల రన్‌వే మీద జరిగిన పందేలలోనూ ఈ ఫియట్లు పరుగెత్తాయి. శతాబ్దం మారే వేళకు వీటి తయారీ ఆగిపోయింది. ఆఖరి పద్మిని టాక్సీకి ఇరవై ఏళ్ల గడువు తీరడంతో, 2023 అక్టోబరు 30 నుంచి ముంబయి వీధుల్లో ఆ నలుపు పసుపు బండి కనిపించకుండా పోయింది.

శ్రోతలారా, ఈ చరిత్ర అంతా ఎందుకు చెప్పానంటే, మీ షెడ్డులోని బండి ఖరీదు కిలోల లెక్కన కట్టేది కాదని తెలియడానికి. మరాఠీలో భంగార్ అంటారు, మనం పాత ఇనప సామాను అంటాం. భంగారు వాడు తూకం వేసి డబ్బు చేతిలో పెడతాడు. అంతటితో ఆ బండి కథ ముగుస్తుంది. అయితే పాత కారుకు ప్రమాదం భంగారు వాడి వల్లనే కాదు, ప్రేమగా చూసుకునే యజమాని వల్ల కూడా ఉంది. ఇవాళ నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదే.

ఎలాగంటారా? యజమానికి ఒకనాడు బండి మీద మమకారం పుట్టుకొస్తుంది. గ్యారేజీకి తీసుకువెళతాడు. మేస్త్రి చుట్టూ తిరిగి చూసి, "అన్నా, మొత్తం గీకేసి కొత్త రంగు కొట్టేద్దాం. సీట్లు మార్చేద్దాం. పెళ్లికూతురిలా మెరిసిపోతుంది" అంటాడు. ఆయన చెడ్డవాడు కాదు. తన పని తనకు బాగా తెలుసు. కానీ గీకిన రంగు మళ్లీ రాదు. ఫ్యాక్టరీలో వేసిన మొదటి రంగు, సీటు మీది అసలు రెక్సిన్, తాతగారి చెయ్యి తగిలి తగిలి నునుపెక్కిన స్టీరింగు, ఇవన్నీ ఆ కారు చెప్పే సాక్ష్యాలు. అవి పోయాక మిగిలేది పాత కారు ఆకారంలో ఉన్న కొత్త కారు. కొత్త వింత, పాత రోత అని మనవాళ్లు ఊరకే అనలేదు. పాత వస్తువుల విషయంలో ఈ సామెత చేసిన నష్టం తక్కువ కాదు.

ఇక్కడ మూడు మాటల మధ్య తేడా గమనించాలి. మరమ్మతు అంటే ఆగిన బండిని నడిపించడం. పునరుద్ధరణ అంటే పోయిన భాగాలను తిరిగి చేర్చి, ఒకప్పటి రూపానికి తీసుకురావడం. పరిరక్షణ అంటే ఉన్నదాన్ని ఉన్నట్టుగా, ఇంకా చెడకుండా కాపాడడం. పాత వాహనాల సంఘాల అంతర్జాతీయ సమాఖ్య ఈ తేడాలను వివరిస్తూ టూరిన్ ప్రకటన అనే పత్రం తయారుచేసింది. దాని సారం తేలిక మాటల్లో చెప్పాలంటే, తక్కువ ముట్టుకో, చేసిన ప్రతి పనినీ రాసిపెట్టు.

పందెపు కార్ల విషయంలో ఈ చిక్కు మరీ ఎక్కువ. పందెపు కారు పనిముట్టు. ఒక పందెంలో ఇంజను పేలితే మరో పందేనికి వేరే ఇంజను వేస్తారు. గోడకు కొట్టుకుంటే ముందు భాగం కొత్తది చేస్తారు. పదేళ్లు పోయాక దానిలో అసలు ఏది, అతుకు ఏది? అందుకే ఇటలీలో పాత కారు కొనేవాళ్లు రంగు కంటే ముందు ఛాసిస్ నంబరు చూస్తారు, కాగితాలు అడుగుతారు. ఫెరారీ కంపెనీ 2006లో ఇందుకోసమే ప్రత్యేక విభాగం పెట్టింది. కారును విప్పి చూసి, ఫ్యాక్టరీ పాత రికార్డులతో సరిపోల్చి, అసలుదేనని ధ్రువపత్రం ఇస్తారు.

లోకం అభిరుచి కూడా మారుతోంది. అమెరికాలో పెబుల్ బీచ్ అనే చోట ఏటా పాత కార్ల అందాల పోటీ జరుగుతుంది. అక్కడ చాలా ఏళ్ల పాటు అద్దంలా మెరిసే కార్లకే పెద్ద బహుమతి దక్కేది. 2024లో మాత్రం 1934 నాటి బుగాటీ టైప్ 59 అనే పందెపు కారుకు ఆ బహుమతి వచ్చింది. మిలాన్‌లో పుట్టి ఫ్రాన్సులో స్థిరపడిన ఎత్తోరే బుగాటీ కంపెనీ కారు అది. పందేల తరవాత బెల్జియం రాజు లియోపోల్డ్ చేతికి వచ్చింది. పాతబడిన రంగుతో, గీతలతో, వయసు తెలిసేలా ఉంది. పునరుద్ధరించని కారుకు అక్కడ ప్రథమ స్థానం దక్కడం అదే మొదటిసారి.

ఇది అర్థం కావడానికి మనం అంత దూరం వెళ్లనవసరం లేదు. మన ఊళ్లోనే గోండు రాజుల కోట ఉంది. జట్‌పురా దర్వాజా కింద నుంచి మీరు ఎన్నోసార్లు వెళ్లి ఉంటారు. ఆ రాళ్ల సందుల్లో మొలిచిన రావి మొక్కను పీకితే కోటకు మేలు చేసినట్టు. బురుజు మొత్తానికి సిమెంటు పూసి రంగు వేస్తే? గోడ గట్టిపడిందని సంతోషించవచ్చు, కానీ కోట పోతుంది. కారు విషయమూ అంతే.

ఇక ఆచరణలోకి వద్దాం. మీ ఇంట్లో పాత ఫియట్ ఉంటే మొదట చేయవలసిన పని పానా పట్టుకోవడం కాదు, ఒక నోటుపుస్తకం తీసుకోవడం. బండి ఉన్న స్థితిలోనే నాలుగు వైపులా, లోపలా, బానెట్ కిందా ఫోటోలు తీయండి. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు రాసుకుని ఆర్‌సీ పుస్తకంతో సరిచూడండి. తుప్పు గీకే హడావిడిలో ఆ నంబర్లు అరిగిపోకుండా చూడండి. పాత రసీదులు, ఇన్సూరెన్సు కాగితాలు, కంపెనీ ఇచ్చిన చిన్న పుస్తకం దొరికితే పారేయకండి. విప్పిన ప్రతి భాగాన్నీ సంచిలో వేసి చీటీ కట్టండి. పాడైన భాగం మార్చినా, పాతది దాచి ఉంచండి. రేపు కొత్తది తయారుచేయాలంటే అదే నమూనా.

రెండో సంగతి మన వాతావరణం. చంద్రపూర్ ఎండ సంగతి నేను చెప్పనక్కరలేదు. మే నెలలో 45 డిగ్రీలు దాటడం మనకు మామూలు. ఆ ఎండకు రంగు వెలిసిపోతుంది, తలుపుల చుట్టూ ఉండే రబ్బరు పగులుతుంది. దానికి తోడు బొగ్గు దుమ్ము, బూడిద. ఈ రేణువులు గట్టివి. పొడి గుడ్డతో తుడిచామంటే గరుకు కాగితంతో రుద్దినట్టే. ముందు ధారాళంగా నీళ్లు పోసి దుమ్ము కొట్టుకుపోనిచ్చి, తరవాత మెత్తని తడిగుడ్డతో తుడవాలి. వానాకాలంలో అదే దుమ్ము తేమను పట్టి ఉంచుతుంది. చక్రాల పైభాగంలో, తలుపుల అడుగున పేరుకున్న దుమ్ము కిందనే తుప్పు మొదలవుతుంది. కాబట్టి వానలకు ముందొకసారి, తరవాతొకసారి అడుగుభాగం కడిగి ఆరబెట్టండి. ప్లాస్టిక్ షీటు కప్పకండి, లోపల చెమ్మ ఆవిరి కాకుండా నిలిచిపోతుంది. గాలి ఆడే నూలు గుడ్డ కప్పండి. తలుపుల అడుగున నీళ్లు పోయే చిన్న రంధ్రాలుంటాయి, అవి పూడిపోకుండా పుల్లతో శుభ్రం చేయండి.

మూడోది ఇంజను. ఏళ్ల తరబడి నిలిచిన బండికి కొత్త బ్యాటరీ వేసి సెల్ఫ్ కొట్టడం చాలామంది చేసే పని. అది మంచిది కాదు. పిస్టన్ రింగులు సిలిండరు గోడలకు అంటుకుని ఉండవచ్చు. ముందు స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండరులో రెండు మూడు చెమ్చాల ఇంజను ఆయిలు పోసి, ఒకటి రెండు రోజులు ఊరనివ్వండి. తరవాత ముందున్న పుల్లీ నట్టుకు పానా పెట్టి నెమ్మదిగా చేత్తో తిప్పి చూడండి. తిరక్కపోతే బలవంతం చేయకండి. సులువుగా తిరిగితే, పాత ఆయిలు తీసి కొత్తది పోయండి. టాంకులో మిగిలిన పెట్రోలు జిగురుగా మారి ఉంటుంది, టాంకు దింపి కడిగించండి.

ఈ ఇంజను బ్లాకు పోత ఇనుము, పైన హెడ్డు అల్యూమినియం. రెండు వేరు వేరు లోహాలు. రేడియేటరులో బోరు నీళ్లు పోస్తే ఉప్పు పేరుకుంటుంది, అల్యూమినియం తినేస్తుంది. శుద్ధమైన నీళ్లు, కూలెంటు కలిపి వాడండి. వేడెక్కి ఆగిన ఇంజను మీద చన్నీళ్లు పోయకండి, హెడ్డు వంకర తిరుగుతుంది. ఎండలో పెట్రోలు పైపులోనే ఆవిరై బండి ఆగిపోవడం ఫియట్ నడిపిన వారందరికీ తెలిసిన బాధే. నీడన ఆపి, పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఓపిక పడితే చాలు.

ఇంకో కొత్త సమస్య ఉంది. 2025 నాటికి దేశమంతటా 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చింది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాతకాలపు రబ్బరును మెత్తబరుస్తుంది. అందుచేత పెట్రోలు గొట్టాలు, పంపు డయాఫ్రమ్, కార్బొరేటరు వాషర్లు ఇథనాల్‌కు తట్టుకునే రకానివి వేయించండి. నడపని నెలల్లో టాంకులో పెట్రోలు ఉంచకండి. ఇక్కడ అసలుతనం అని పట్టుబట్టకూడదు. అలాగే బ్రేకులు. చక్రాల సిలిండర్లలోని రబ్బర్లు, బ్రేకు గొట్టాలు, బ్రేకు ఆయిలు, టైర్లు పాతవి ఎంత బాగా కనిపించినా మార్చవలసిందే. ప్రాణం మీదికి తెచ్చే భాగాల్లో కొత్తది, కంటికి కనిపించే భాగాల్లో పాతది. ఈ ఒక్క సూత్రం గుర్తుంచుకుంటే చాలా సందేహాలు తీరిపోతాయి.

నాలుగోది బాడీ. ఈ ఫియట్‌కు లారీలాగా కింద వేరే ఛాసిస్ ఫ్రేము ఉండదు. రేకు బాడీయే మొత్తం బరువు మోస్తుంది. కాబట్టి తలుపుల కింది పట్టీ, ఫ్లోరు తుప్పు పడితే అది అందానికి సంబంధించిన విషయం కాదు, బలానికి సంబంధించింది. అక్కడ పుట్టీ పూసి రంగు వేస్తే గాయం మీద కట్టు కట్టి చీము దాచినట్టు అవుతుంది. కుళ్లిన రేకు వరకే కోసి, అదే మందం రేకుతో వెల్డింగు చేయించాలి. మిగతా చోట రంగు బతికి ఉంటే, దాన్ని కడిగి, మెత్తగా పాలిష్ పట్టి, వ్యాక్స్ పూసి వదిలేయండి. ఒక తలుపుకు రంగు వేయక తప్పకపోతే ఆ తలుపుకే వేయించండి. మొత్తం బండిని గీకించకండి. డిక్కీ మూత లోపలో, డాష్‌బోర్డు వెనకో ఒక జానెడు మేర మొదటి రంగు ఎప్పటికీ ముట్టుకోకుండా ఉంచండి.

ఇందులో చట్టం సంగతి కూడా ఉంది. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ వాహనాలకు వేరే నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న కార్లకు, ద్విచక్ర వాహనాలకు ఇవి వర్తిస్తాయి. ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. అంటే మైలేజీ కోసం ఎవరో ఎప్పుడో డీజిలు ఇంజను బిగించిన ఫియట్‌కు ఆ గౌరవం దక్కడం కష్టం. కొత్తగా నమోదు చేసే వాటికి నంబరులో రాష్ట్రం అక్షరాల పక్కన వీఏ అనే అక్షరాలు వస్తాయి. ఇదివరకే నమోదైన వాటికి పాత నంబరు ఉంచుకోవచ్చు. నిబంధన వచ్చినప్పుడు పెట్టిన కొత్త నమోదు రుసుము 20 వేల రూపాయలు, గడువు పదేళ్లు. అయితే ఇలా నమోదు చేసిన బండిని రోజువారీ పనులకు, కిరాయికి తిప్పకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలుకు తీసుకువెళ్లవచ్చు. 50 ఏళ్లు నిండని బండికి మామూలు పద్ధతిలో, పదిహేనేళ్ల తరవాత అయిదేళ్లకొకసారి ఆర్టీఓ ఆఫీసులో రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. ఆ గడువు దాటనిచ్చి ఊరుకున్న బండి చివరకు భంగారు దుకాణానికే దారి తీస్తుంది.

చివరగా మరొక్క మాట. కారు ఒక్కటే పాతబడడం లేదు, దాన్ని బాగుచేసే చేతులూ పాతబడుతున్నాయి. చంద్రపూర్, బల్లార్షా, రాజురా గ్యారేజీలలో తెలుగు, మరాఠీ, హిందీ కలగలిపి మాట్లాడే పెద్ద మేస్త్రీలున్నారు. చెవి పెట్టి విని వాల్వు సందు ఎంతుందో చెప్పేవారు, కార్బొరేటరు కళ్లు మూసుకుని విప్పి బిగించేవారు. కంప్యూటరు పెట్టి చూసే కార్లు వచ్చాక వారి విద్య అడిగే వారు తగ్గిపోయారు. మీ ఫియట్‌ను అలాంటి వారి దగ్గరికి తీసుకువెళ్లండి. పక్కన నిలబడి అడగండి, వారు చెప్పింది మీ నోటుపుస్తకంలో రాసుకోండి. వీలైతే ఇంట్లో కుర్రవాణ్ణి వెంట పంపండి. బండిని కాపాడినా దాన్ని నడిపించే విద్య పోతే అది బొమ్మగా మిగిలిపోతుంది.

మీ బండి మిల్లే మిలియాలో పరుగెత్తలేదు. కానీ అందులో పరుగెత్తిన కార్ల రక్తసంబంధి. ఎంజో ఫెరారీ మొదటి రెండు కార్లలో ఒకటి తుక్కయింది, ఒకటి నిలిచింది. నిలిచినదాన్ని కాపాడింది దాన్ని పారేయకుండా ఉంచుకున్న మనుషులే. మీ షెడ్డులో ఉన్నదాన్ని అమ్మాలా, గీకించాలా, కాపాడాలా అన్నది మీరే నిర్ణయించాలి. ఆ నిర్ణయం తీసుకునే ముందు ఒకసారి బానెట్ ఎత్తి, ఆ ఇంజనును తీరిగ్గా చూడండి.